బంపర్ వెనక రెండు డబ్బాలు

కారు కొనేవాళ్ల మీద నాకు గౌరవం లేదు. పాతికేళ్లు వాళ్ల బండ్ల కింద వెల్లకిలా పడుకుని వైర్లు కలిపినవాణ్ణి కాబట్టి ఆ మాట అనే హక్కు నాకుందనుకుంటాను. కింద పడుకున్నవాడికి యజమాని చెప్పులూ పంచె అంచూ తప్ప ఏమీ కనిపించవు. మాటలు మాత్రం అన్నీ వినిపిస్తాయి. కింద ఒక మనిషి ఉన్నాడని మరిచిపోయి పైన నిలబడ్డవాళ్లు మాట్లాడుకుంటారు. అలా విన్న మాటల్లోంచే నాకు ఈ లోకం మీద ఒక అభిప్రాయం ఏర్పడింది. అది మంచి అభిప్రాయం కాదు.

మాది కరీంనగర్ జిల్లాలో మగ్గాల ఊరు. మా బాపు ఒక సేటు దగ్గర సాంచాలు నడిపేవాడు. సాంచా అంటే మా వైపు కరెంటు మగ్గం. అరవై తొమ్మిదిలో తెలంగాణ గొడవలకు బడులు మూతపడినప్పుడు నేను తొమ్మిదో తరగతిలో ఉన్నాను. మళ్లీ తెరిచాక బడికి పోలేదు, సాంచాల దగ్గరికీ పోలేదు. ఆ చప్పుడులో బాపు చెవులు అప్పటికే సగం పోయాయి. నావి కూడా పోగొట్టుకోవడం ఇష్టంలేక కరీంనగర్‌లో బ్యాటరీలు చార్జి చేసే దుకాణంలో చేరి బండ్ల కరెంటు పని నేర్చుకున్నాను. పెళ్లయ్యాక నిర్మల్‌కు మకాం మార్చి సొంతంగా షెడ్డు వేసుకున్నాను. పెద్ద రోడ్డు మీది ఊరు. లారీల లైట్లు మాడిపోవడం ఆగేది కాదు కాబట్టి మా ఇంట్లో పొయ్యి ఆరేది కాదు.

మా బావ, అంటే నా భార్యకు అన్న, లారీ డ్రైవరు. నాకంటే ఆరేళ్లు పెద్ద. నాగపూర్ దాకా పత్తి బేళ్లు తోలి తోలి ఆయన నడుము పట్టేసింది. "ఏదన్న చిన్న బండి ఉంటే చూడు బావా, గీ లారీ ఇగ నాతోని కాదు" అని అడిగితే నేనే తీసుకెళ్లి పటేలు దగ్గర పెట్టాను. ఆ పని చేయకుండా ఉండాల్సింది.

పటేలు రోడ్ల కాంట్రాక్టరు. ఊళ్లో అందరూ ఆయన్ను పటేలా అనే పిలిచేవాళ్లు. వాళ్ల తాత గుర్రం మీద వస్తుంటే జనం చెప్పులు విడిచి చేతిలో పట్టుకునేవాళ్లట. మనవడి కాలానికి భూములు చాలావరకు కరిగిపోయాయి, గుర్రం పోయింది, చెప్పులు విడిచే జనం కూడా పోయారు. మిగిలింది మెడ ఒక్కటే. అది తాతది ఎలా నిలబడి ఉండేదో అలాగే నిలబడి ఉండేది. ఆయన వేసిన రోడ్లు మాత్రం ఒక వానాకాలం దాటి నిలబడిన గుర్తు నాకు లేదు.

తొంభైల్లో ఆయన బొంబాయి నుంచి పాత జపాన్ కారొకటి కొనుక్కొచ్చాడు. ముత్యం రంగు. దాని స్టీరింగు మధ్యలో గాలిసంచి మడతపెట్టి ఉంది. బండి దేన్నైనా గట్టిగా గుద్దితే అది రెప్పపాటులో ఉబ్బి డ్రైవరు ముఖానికీ స్టీరింగుకూ మధ్య మెత్తలా అడ్డం పడుతుంది. మా వైపు అలాంటిది అంతకుముందు ఎవరూ చూడలేదు. పటేలు దాన్ని బెలూన్ అనేవాడు. పెళ్లికి పోయినా, చావుకు పోయినా ఆయన నోట ఆ బెలూన్ మాటే.

"గోడకు గుద్దినా ఏం గాదు. బెలూన్ వస్తది, మనం మెత్తగ పండుకుంటం, గంతే" అనేవాడు.

ఆ బెలూన్ స్టీరింగులో తప్ప బండిలో ఇంకెక్కడా లేదనీ, తాను కూర్చునేది ఎప్పుడూ వెనక సీట్లోననీ ఆయనకు ఒక్కసారైనా తట్టిందో లేదో. ఆ మెత్త ఏదో మా బావకు, నిలబడిన మెడ ఈయనకు.

బండి వచ్చిన నెలకే హారన్ మోగడం ఆగిపోయింది. హారన్ మీట స్టీరింగులోనే, ఆ సంచి పక్కనే ఉంటుంది. తెలియకుండా విప్పితే సంచి ముఖం మీదే పేలుతుందని ఒక లారీ డ్రైవరు నన్ను భయపెట్టాడు. నాకు తెలియని వస్తువులో చెయ్యి పెట్టే అలవాటు లేదు. బస్సెక్కి హైదరాబాదు పోయి, విదేశీ కార్లు బాగుచేసే ఒక ముసలి ఉస్తాదు షెడ్డు వెతికి పట్టుకున్నాను. రెండు రోజులు ఆయన దగ్గరే ఉన్నాను. నేను నా జీవితంలో గౌరవించిన కొద్దిమందిలో ఆయనొకడు, ఎందుకంటే తెలియని దాన్ని ఆయన తెలియదనే అనేవాడు.

పగిలిన కారు ఒకటి పక్కన పడి ఉంటే దాని ముందు భాగం విప్పి చూపించాడు. బంపర్ వెనక, లైట్ల కింద, చట్రానికి కుడివైపు ఒకటీ ఎడమవైపు ఒకటీ చిన్న ఇనప డబ్బాలు బిగించి ఉన్నాయి. సున్నం డబ్బీ కంటే కాస్త పెద్దవి. గుద్దుకోవడం అనే సంగతిని పసిగట్టేవి అవే. లోపల ఒక ఉక్కు గోలీ, దాన్ని పట్టి ఉంచే అయస్కాంతం ఉంటాయి. బండి వేగం ఒక్కసారిగా ఆగిపోతే గోలీ అయస్కాంతాన్ని విడిపించుకుని ముందుకు దూకి తీగను తాకుతుంది. మూడోది లోపల, గేరు కింద, నేలకు బిగించి ఉంటుంది. ముందున్న రెండిట్లో ఒకటి, లోపలిది ఒకటి, రెండూ కలిసి అవునంటేనే సంచి విచ్చుకుంటుంది. ఒక్కదాని మాట చెల్లదు. గుంతలో పడ్డ ప్రతిసారీ సంచి పేలకుండా ఆ కట్టుబాటు.

ప్రతి డబ్బా మీదా ఒక బాణం గుర్తు పోతపోసి ఉంది. ఉస్తాదు దాని మీద వేలు పెట్టి, "తీర్ ఆగే, సమ్ఝే? తీర్ పీఛే, తో సాబ్ ఊపర్" అన్నాడు. బాణం ముందుకుంటే బతుకుతావు, వెనక్కుంటే దొర పైకి పోతాడని. చెప్పి తానే నవ్వాడు.

బ్యాటరీ తీగ విప్పి, కాసేపు ఆగి, ఆ తర్వాతే స్టీరింగు ముట్టుకోవాలని కూడా నేర్పించాడు. నేను తిరిగి వచ్చి హారన్ బాగుచేశాను. పటేలుకు ఆ డబ్బాల సంగతి చెప్పబోతే, "హారన్ మోగుతుందా? మోగుతుంది. ఇగ పో" అన్నాడు.

ఆరు నెలలకు ఆయనకు పోటీగా ఉన్న ఇంకో కాంట్రాక్టరు జీపు కొని, దాని ముందు లావుపాటి ఇనప గొట్టాలతో గార్డు పెట్టించాడు. అది చూసినప్పటి నుంచి పటేలుకు నిద్ర పట్టలేదు. ఇళ్లకు గేట్లు చేసే వెల్డరును పిలిపించి, జీపు గార్డు కంటే ఇంకో బెత్తెడు ఎత్తుగా ఒక గార్డు చేయించి కారుకు పెట్టించాడు. అంత అందమైన బండి మూతికి బర్రెను కట్టేసే దడి తగిలించినట్టుంది. వచ్చిన వాళ్లంతా బాగుందన్నారు. అబద్ధం ఆడటానికి మా ఊళ్లో ఎవరూ వెనకాడరు.

ఆ మర్నాడే బావ నా షెడ్డుకు వచ్చాడు. "మీటర్ల కాడ ఎర్రలైటు ఒకటి పోతలేదు బావా. పటేలు పరేషాన్ అయితుండు. జర వచ్చి చూడు" అన్నాడు.

వెళ్లేసరికి పటేలు ఇంటి ముందు కుర్చీలు వేసుకుని నలుగురు టీ తాగుతున్నారు. పటేలు, కాలేజీలో ఫిజిక్సు చెప్పే లెక్చరరు, ఒక డాక్టరు, పటేలుకు దగ్గరి చుట్టమైన ఒక ప్లీడరు. నేను బ్యాటరీ తీగ విప్పి బండి ముందు కిందికి దూరాను. టార్చి వేసి చూడగానే సంగతి అర్థమైంది. గార్డు బిగించడానికి వెల్డరుకు చట్రం మీద చదునైన చోటు కావాల్సి వచ్చింది. డబ్బాలు రెండూ సరిగ్గా ఆ చోట్లోనే ఉన్నాయి. వాటిని పీకేసి తన ఇనప పట్టీలు వేసి వెల్డింగు పెట్టేశాడు. కుడివైపు డబ్బాను పట్టీ వెనక బోల్టుతో బిగించాడు గానీ ముందువెనకలుగా. బాణం లోపలికి, డ్రైవరు గుండె వైపు చూస్తోంది. ఎడమవైపు దానికి తీగ తెగిపోతే డబ్బాను బ్యాటరీ కింద బైండింగు వైరుతో కట్టి వదిలేశాడు. ఎర్రలైటు వెలుగుతున్నది ఆ తెగిన తీగ కోసమే.

సరిగ్గా నేను ఆ డబ్బాను చూస్తుండగానే పైన మాటలు మొదలయ్యాయి.

"బండి గుద్దుకున్నదని గా బెలూన్‌కు ఎట్ల తెలుస్తది పటేలా?" అని ప్లీడరు అడిగాడు.

"సెన్సర్ ఉంటది. స్టీరింగులనే ఉంటది, బెలూన్ పక్కపొంటి" అన్నాడు పటేలు.

"కాదు కాదు" అన్నాడు లెక్చరరు. "వేగంల మార్పు ముందుగాల తెలిసేది చక్రాలకు. కాబట్టి టైర్లల్ల ఉండాలె."

"టైర్ మారిస్తే మరి?" అని ప్లీడరు.

"కొత్త టైర్‌తోని కొత్తది వస్తది" అన్నాడు లెక్చరరు, కాస్త కూడా తడుముకోకుండా. నెలనెలా సర్కారు జీతం తీసుకుని పిల్లలకు పాఠాలు చెప్పే మనిషి.

డాక్టరు మాత్రం అది అద్దంలో ఉంటుందన్నాడు, డ్రైవరు తలమీద ఉండే చిన్న అద్దంలో. ముందు ఏం వస్తుందో చూడాలి కాబట్టి ఎత్తున ఉండాలట. చూడ్డానికి ముందుకు తిరిగి ఉండాలి కదా, ఆ అద్దం వెనక్కి తిరిగి ఉంటుందని ఒక్కరూ అనలేదు. ముగ్గురు చదువుకున్నవాళ్లు, ఒక పటేలు. మూడు చోట్ల సెన్సరు పెట్టి టీ తాగేశారు. ఆ వస్తువు నా ముక్కుకు జానెడు దూరంలో బైండింగు వైరుకు వేలాడుతోంది. కింద ఉన్నవాణ్ణి అడగాలని నలుగురిలో ఒక్కడికీ తోచలేదు.

నేను బయటికి వచ్చి చేతులు తుడుచుకుని చెప్పాను. సెన్సర్లు బంపర్ వెనక ఉంటాయని, వెల్డరు వాటిని పీకేశాడని, గార్డు తీసి డబ్బాలు మళ్లీ వాటి చోట్లో పెడితే తప్ప బెలూన్ రాదని.

పటేలు వాళ్ల ముందు నవ్వాడు. "బెలూన్ స్టీరింగుల ఉంటే దాని సెన్సర్ బంపర్ల ఎందుకుంటదిర? నీ తలకాయ ఈడ ఉంటే మెదడు మోకాల్ల ఉంటదా?"

అందరూ నవ్వారు. లెక్చరరు ఎక్కువ నవ్వాడు.

"హైదరాబాద్‌ల చూసి వచ్చిన పటేలా. గా గార్డు తియ్యాలె" అన్నాను.

"గార్డు తీసుడు లేదు. గా ఎర్రలైటు బందు చెయ్. అది వెలుగుతుంటే బండి ఖరాబైనట్టు కనవడతది."

ఎర్రలైటు ఆర్పడానికి దారి ఒక్కటే. మీటరు పలక విప్పి దాని వెనకున్న బల్బు పీకేయడం. ఆ బల్బు ఉన్నది సంచి పనిచేయదని చెప్పడానికి. దాన్ని పీకడమంటే అరుస్తున్న మనిషి నోరు మూయడమే. నాకు అది తెలుసు. ఆ నలుగురిలో ఎవరికీ తెలియదు, నాకు మాత్రమే తెలుసు. అయినా పలక విప్పి బల్బు తీసి జేబులో వేసుకున్నాను. పటేలు తీయమన్నాడు, నేను తీశాను. వాళ్ల గురించి ఇన్ని మాటలు రాస్తున్నాను కాబట్టి ఇది కూడా రాయకపోతే వాళ్లకూ నాకూ తేడా ఉండదు.

బయటికి వచ్చాక బావకు మాత్రం అంతా చెప్పాను. "బెలూన్ రాదు బావా. నువ్వు పైలంగ ఉండు. బెల్టన్న పెట్టుకో."

బావ తల అడ్డంగా ఊపాడు. "ఒకనాడు పెట్టుకున్న. 'నా బండిల కూసొని కట్టేసుకుంటవా, నేనేమన్న నిన్ను పట్టుకపోతున్ననా' అన్నడు పటేలు. పెట్టుకోనియ్యడు."

"మరెట్ల?"

"ఇరవై ఏండ్లు లారీ తోలిన. లారీల బెలూన్ ఉండెనా? నాకేం ఫికర్ లేదు" అని వెళ్లిపోయాడు.

చలికాలం చివర, పత్తి బండ్లు రోడ్డు నిండా తిరిగే రోజుల్లో అది జరిగింది. ఆదిలాబాద్‌లో ఆ మధ్యాహ్నం మూడింటికల్లా పటేలు టెండరు వేయాలి. ఆలస్యంగా బయలుదేరి దారిపొడవునా వెనక సీట్లోంచి "తొక్కు, తొక్కు" అంటూనే ఉన్నాడట. ఇచ్చోడ దాటాక ఒక మలుపులో పత్తి ట్రాక్టరు అడ్డంగా తిరిగింది. బావ దాన్ని తప్పించాడు గానీ కల్వర్టు గోడను తప్పించలేకపోయాడు. బండి ముక్కు నేరుగా గోడకు కొట్టుకుంది. పటేలు ముచ్చటపడి పెట్టించుకున్న గార్డు వంగి రేడియేటరును చీల్చుకుని లోపలికి పోయింది. సంచి విచ్చుకోలేదు. బావ దవడ స్టీరింగు మీద పడి రెండు చోట్ల విరిగింది. రెండు పక్కటెముకలు కూడా.

వెనకనున్న పటేలుకు ముందు సీటు తగిలి పెదవి చిట్లింది. ఆయన దిగి, జేబురుమాలు పెదవికి అద్దుకుని, టెండరు కాగితాల సంచీ చంకన పెట్టుకుని, అటుగా వచ్చిన జీపును ఆపి ఎక్కి ఆదిలాబాద్ వెళ్లిపోయాడు. మూడింటికి ముందే టెండరు వేశాడు కూడా. బావను బండిలోంచి లాగింది పత్తి ట్రాక్టరు మీది కూలీలు. జైనూర్ వైపు నుంచి పత్తి ఏరడానికి వచ్చిన గోండు మనుషులు. వాళ్లలో ఒకామె తన చీర కొంగు చింపి ఆయన దవడ కట్టింది. వాళ్లే బస్సు ఆపి ఎక్కించారు. వాళ్లెవరో ఆ తర్వాత ఎంత వెతికినా నాకు దొరకలేదు.

నేనూ నా భార్యా సాయంత్రానికి ఆదిలాబాద్ దవాఖానకు చేరాం. దవడకు తీగలు కట్టి నోరు తెరవకుండా చేశారు. బావ కళ్లతోనే మమ్మల్ని చూశాడు. మా ఆవిడ అన్న కాళ్ల దగ్గర కూర్చుని ఏడుస్తోంది.

పటేలు మర్నాడు పొద్దున వచ్చాడు. వెంట ముగ్గురు మనుషులు, సంచి నిండా బత్తాయిలు. నోరు తెరవలేని మనిషికి బత్తాయిలు. వార్డులో అందరికీ వినిపించేలా అన్నాడు, "ఏదో బెలూన్ వచ్చింది కాబట్టి పానం దక్కింది. లేకుంటే ఖతమే."

నేను అడిగాను, "ఏ బెలూన్ వచ్చింది పటేలా?"

"బండిల బెలూన్."

"రాలే. నేను పొద్దున ఇచ్చోడ పోయి బండి చూసి వచ్చిన. స్టీరింగు మూత కూడ ఊడలే."

వార్డులో జనం మా వైపు తిరిగారు. పటేలు నా భుజం మీద చెయ్యి వేసి వరండాలోకి తీసుకెళ్లాడు. ఆ చెయ్యి అంతకుముందు ఎన్నడూ నా భుజం మీద పడలేదు. "మిస్త్రీ, ఇన్సూరెన్సు మనిషి సర్వేకు వస్తుండు. బండి నీ షెడ్డుకే తోలిస్త. గా బల్బు పెట్టెయ్, గా డబ్బాలు ఎట్ల ఉండాలెనో అట్ల పెట్టెయ్. రెండు గంటల పని. జల్ది చెయ్."

"నేను చెయ్య" అన్నాను.

"ఎందుకు?"

"ఒక్కసారి చేసిన. ఇగ చెయ్య."

ఆయన నన్ను కాసేపు చూశాడు. కోపం కూడా కాదు. తాను కూర్చున్న కుర్చీ మాట్లాడినట్టు చూశాడు.

నాలుగు రోజులకు సర్వే మనిషి వచ్చాడు. మెడలో టై, చేతిలో తోలు సంచీ. నా షెడ్డులో ఎండకు టై పెట్టుకున్న మొదటివాడూ చివరివాడూ ఆయనే. పటేలు, ప్లీడరు వెంట ఉన్నారు. ఆ మనిషి బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, డ్రైవరు తలుపు తీసి, నేరుగా తలమీది అద్దాన్ని పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. సెన్సరు కోసం. అద్దాలు, లైట్లు, బండ్ల నష్టాలు అంచనా వేయడమే ఆయన బతుకుదెరువు. ఆయనకూ ఊళ్లో డాక్టరుకూ ఒకే గురువు పాఠం చెప్పి ఉంటాడు.

"ఆడ ఉండదు సార్" అని, వంగిన బానెట్టు సందులోంచి టార్చి వేసి చూపించాను. కుడివైపు డబ్బా, దాని మీద బాణం, ఆ బాణం చూస్తున్న దిక్కు. ఎడమవైపు తెగిన తీగ. తర్వాత జేబులోంచి బల్బు తీసి ఆయన చేతిలో పెట్టి, "ఇది తీసింది నేను. పటేలు తియ్యమంటే తీసిన. బెలూన్ రాదని అప్పుడే చెప్పిన" అన్నాను.

"ఇంత చిన్న డబ్బానా?" అన్నాడు సర్వే మనిషి. అంత ఖరీదైన బండికి ఇంత చిన్న సెన్సరు ఉండటం ఆయనకు నచ్చినట్టు లేదు.

"మిస్త్రీ చెప్పేటిది అబద్ధం" అన్నాడు పటేలు నెమ్మదిగా. "డబ్బాలు తిరగేసింది ఆయనే. హారన్ బాగుచేస్త అని విప్పి తప్పు బిగించిండు. లైటు వెలుగుతుంటే తప్పు బయటపడుతదని బల్బు దాచిండు. డ్రైవర్‌ను అడుగుండ్రి, ఆయన బావనే గదా."

నాకు ధైర్యం వచ్చింది. బావకు అన్నీ తెలుసు. నేనే చెప్పాను.

అందరం ఆదిలాబాద్ పోయాం. బావకు ఒక నోటుబుక్కు ఇచ్చారు, మాట్లాడలేడు కాబట్టి రాయమని. సర్వే మనిషి అడిగాడు. బావ పెన్సిలు పట్టుకుని నా వైపు చూడకుండా రాశాడు. నేను తల వంచి చదివాను. 'పటేలు తప్పు లేదు. లైటు సంగతి నాకు తెల్వది. బండి పని అంత మా బావనే చూస్తడు.'

పటేలు ముందురోజు సాయంత్రమే ఒంటరిగా దవాఖానకు వచ్చి వెళ్లాడని తర్వాత తెలిసింది. బావ కొడుకును సర్కారు ఆఫీసులో అటెండరుగా పెట్టిస్తానని మాట ఇచ్చాడు.

మిస్త్రీ అజాగ్రత్త అని కాగితం మీద పడింది. కంపెనీవాళ్లు పటేలుకు బండి బాగుచేయించి ఇచ్చారు. హైదరాబాదులో ఎవరో చక్కగా అన్నీ వాటి చోట్లలో బిగించి పంపారు. పటేలు బండి ఇంటికి రాగానే అదే వెల్డరును పిలిపించి మళ్లీ గార్డు పెట్టించాడు. ఈసారి ఇంకా లావు గొట్టాలు. లెక్చరరు, డాక్టరు వచ్చి చూసి బాగుందన్నారు. ఎర్రలైటు మళ్లీ వెలిగే ఉంటుంది, దాన్ని ఎవరో ఒకరు మళ్లీ ఆర్పే ఉంటారు. నన్ను మాత్రం పిలవలేదు.

ఊళ్లో కార్లున్నవాళ్లంతా నా షెడ్డుకు రావడం మానేశారు. లారీలవాళ్లు వస్తూనే ఉన్నారు. వాళ్లకు ఇన్సూరెన్సు కాగితం మీద ఏముందో పట్టదు, లైటు వెలిగిందా లేదా అన్నదే పట్టింపు.

ఇంట్లో మాత్రం నాకు నోరు లేకుండా పోయింది. ఒక రాత్రి మా ఆవిడ అన్నం పెడుతుంటే పటేలును తిట్టడం మొదలుపెట్టాను. లెక్చరరును, ప్లీడరును, టై కట్టుకున్నవాణ్ణి, చివరికి బావను కూడా. వెన్నెముక లేని మనిషన్నాను. ఆమె గరిటె గిన్నెలో పెట్టి నా ముఖంలోకి చూసింది.

"మా అన్నకు నోరు కట్టేసి ఉండె. నీకు నోరు మంచిగనే ఉండె గదా. బల్బు తియ్యమన్ననాడు తియ్య అని ఎందుకన్లే?"

నేను కంచం మీదికి వంగి అన్నం తిన్నాను. తిట్టాల్సిన మనుషుల జాబితా ఆ రోజు నాతో పూర్తయింది.

ఏడాది దాటాక ఒక మధ్యాహ్నం బావ షెడ్డుకు వచ్చాడు. దవాఖాన నుంచి వచ్చాక మా మధ్య మాటల్లేవు. దవడ ఒక పక్కకు అతుక్కుంది, మాట కొంచెం ముద్దగా వస్తోంది. టీ తెప్పించాను. సాసరులో పోసుకుని ఎడమవైపు నుంచి మెల్లగా తాగాడు.

"పటేలు మాట తప్పిండు బావా. ఆ నౌకరీ వాళ్ల చుట్టం పిల్లగానికి పోయింది. నన్ను కూడ పనిలకెళ్లి తీసేసిండు. దవడ వంకర ఉన్నోడు బండి ముందట కూసుంటే మంచిగ కనవడతలేదట" అన్నాడు.

నాకు జాలి వేయలేదు. దాన్ని దాచుకోదలచుకోలేదు. నాకు లోపల సంతోషం లాంటిదే కలిగింది. అనుభవించు అనుకున్నాను. ఆ మాటే కాస్త మర్యాదగా బయటికి అన్నాను, "మరి నువ్వెందుకు రాసినవ్ బావా అట్ల?"

బావ సాసరు కింద పెట్టాడు.

"ఆయన రాయమన్నడు, రాసిన. నీకు ఆయన తియ్యమన్నడు, తీసినవ్. నువ్వు ఆయనకేం నౌకరుగ లేవు. అయినా తీసినవ్. నేను ఆయన ఉప్పు తింటున్న, పిల్లగాని ముచ్చట ఉండె, రాసిన. ఇద్దర్ల ఎవనిది ఎక్కువ తప్పో నువ్వే చెప్పు."

ఒక లారీవాడు వచ్చి హెడ్‌లైటు వెలగడం లేదంటే లేచి దాని పని చూశాను. బావ వెళ్లకుండా అక్కడే కూర్చుని నేను విప్పిన డైనమో రాగి తీగ చుట్టలను చేతిలోకి తీసుకుని చూస్తున్నాడు. చిన్నప్పుడు వాళ్ల ఇంట్లో కూడా మగ్గం ఉండేది. కండెలకు నూలు చుట్టిన చేతులు అవి. కాలిపోయిన తీగను విప్పి, కొత్తది వరస తప్పకుండా, ఒకదాని పక్కన ఒకటి చుట్టడం ఆయన ఎవరూ నేర్పకుండానే మొదలుపెట్టాడు. సాయంత్రం దాకా చుట్టాడు. నేను చుట్టిన దానికంటే బిగువుగా వచ్చింది.

"రేపు వస్తవా?" అని అడిగాను.

"వస్త" అన్నాడు.